నేల మీద నేల: ఉత్తర ఐడాహో అడవుల్లో ఆరు రోజులు

మొదటి రోజు: స్పోకేన్ నుంచి మాస్కో

ఆగస్టు చివరి వారంలో, గోధుమ కోతలు దాదాపు ముగిసిన రోజుల్లో, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ విమానాశ్రయంలో దిగేసరికి మా పిన్ని కొడుకు కారుతో సిద్ధంగా ఉన్నాడు. అతను ఇక్కడ అటవీశాస్త్రం చదువుతున్నాడు; నేను చాలా ఏళ్లుగా భూసార పరీక్షల ప్రయోగశాలలో పని చేస్తున్నదాన్ని. నా దగ్గరికి మన్ను ఎప్పుడూ సంచిలో, నంబరు చీటీతో, ఎండి పొడిగా మారి వస్తుంది. పుట్టిన చోటనే, తడితో, వేళ్లతో, పొర మీద పొరగా నిలబడి ఉన్న మన్నును చూడాలన్నది ఎంతోకాలంగా ఉన్న కోరిక. ఐడాహో రాష్ట్రానికి ప్రతినిధి నేలగా ఎంపికైన 'త్రీబేర్' అనే అడవి నేలను ఎంచుకోవడానికి కారణం ఒక్కటే: అది కింది రాయి చివికి పుట్టినది కాదు, రెండు విడతలుగా గాలి తెచ్చి పోసినది. మొదట వచ్చింది లోయస్ అనే సన్నటి ధూళి, తరువాత వచ్చింది అగ్నిపర్వతపు బూడిద.

195వ నంబరు రహదారి మీద దక్షిణంగా పోతూ, దారిలో స్టెప్టో బ్యూట్ అనే ఒంటరి కొండ ఎక్కాము. దాని ఎత్తు 1,101 మీటర్లు. చుట్టుపక్కలంతా లావా గడ్డకట్టిన బసాల్టు కాగా, ఈ కొండ మాత్రం అంతకన్నా ఎంతో పాతదైన క్వార్ట్‌జైట్ రాయి. లావా వరద చుట్టుముట్టినా తల మునగకుండా నిలిచింది. పైనుంచి చూస్తే పలూస్ ప్రాంతమంతా కోత కోసిన మెత్తటి గుట్టలే. ఆ గుట్టల లోపల రాయి ఉండదు, ధూళి ఉంటుంది. మంచుయుగాల్లో మిజూలా సరస్సుకు అడ్డుకట్టగా ఉన్న హిమానీనదం తెగినప్పుడల్లా ముంచెత్తిన వరదలు నైరుతిన ఉన్న పల్లపు ప్రాంతంలో ఒండ్రును పరిచి వెళ్లేవి. ఆ ఒండ్రు ఆరిన తరువాత నైరుతి గాలులు దానిలోని సన్నటి భాగాన్ని ఎత్తుకొచ్చి ఇక్కడ దించేవి. ఇలా సుమారు 20 లక్షల ఏళ్లుగా పేరుకున్న ధూళి కొన్నిచోట్ల 75 మీటర్ల మందం దాకా ఉంది. మేము చూస్తుండగానే దిగువన ఒక ట్రాక్టరు వెనుక లేచిన దుమ్ము తెర విడిపోకుండా ఈశాన్యంగా సాగిపోయింది. పాఠంలో బాణం గుర్తుతో చూపించేదాన్ని గాలి స్వయంగా గీసి చూపినట్లయింది.

రాత్రికి రాష్ట్ర సరిహద్దు దాటి మాస్కో చేరుకున్నాము. ఇది ఐడాహోలోని మాస్కో. విశ్వవిద్యాలయమున్న చిన్న పట్టణం.

రెండో రోజు: మాస్కో కొండ

పట్టణానికి ఈశాన్యాన ఉన్న మాస్కో కొండ మీద పొలం ఎక్కడ ముగుస్తుందో అడవి అక్కడే మొదలవుతుంది. తూర్పుకు పోయేకొద్దీ నేల ఎత్తు పెరుగుతుంది, వానా మంచూ పెరుగుతాయి, చెట్టు నిలదొక్కుకుంటుంది. కానీ ఆ రోజు మేము పోయింది ఆ సంగతి కోసం కాదు. ఒకే శిఖరానికి రెండు వైపులా గట్టు కోతలు చూసి పోల్చాలని తమ్ముడు ముందే నిర్ణయించాడు.

దక్షిణపు వాలు మీద పాండెరోసా పైన్ చెట్లు ఎడంగా ఉన్నాయి, వాటి మధ్య ఎండిన గడ్డి. గట్టును తాపీతో గీకితే పలుచటి నల్లటి మన్ను, దాని కింద గరుకైన గ్రానైట్ పొడి కనిపించాయి. ఎంత వెతికినా బూడిద అనదగిన పొర లేదు. శిఖరం దాటి ఉత్తరపు వాలుకు దిగాక, నడక దూరంలోనే చెట్టూ మారింది, చలీ మారింది, అడుగు పడే తీరూ మారింది. అక్కడ గ్రాండ్ ఫర్, సెడార్ చెట్లు దట్టంగా ఉన్నాయి. నేల కాలి కింద పరుపులా కొద్దిగా అణిగి తిరిగి లేస్తోంది. ఎండుటాకుల కింద జానెడుకు పైగా పసుపు కలిసిన గోధుమరంగు మన్ను ఉంది.

బూడిద ఒకే కాలంలో రెండు వాలుల మీదా పడింది. అయితే దక్షిణపు వాలు ఎండకు మాడి, తరచు కాలిపోయి, వేళ్ల అల్లిక పలచబడి ఉండడం వల్ల వానకూ గాలికీ దాన్ని వదులుకుంది. ఉత్తరపు వాలు నీడనూ తడినీ వేళ్ల వలనూ పట్టుకుని ఉండడం వల్ల బూడిదనూ పట్టుకోగలిగింది. నిలిచిన బూడిద మరింత నీటిని దాచి, ఆ నీడను మరింత దట్టం చేసింది. ఇందులో ఏది ముందు, ఏది వెనుక అని విడదీయడం నాకు సాధ్యం కాలేదు. చెట్టు వల్ల బూడిద మిగిలిందనీ చెప్పవచ్చు, బూడిద వల్ల చెట్టు పెరిగిందనీ చెప్పవచ్చు.

"అక్కయ్యా, అది బూడిద అంటే నమ్మబుద్ధి కావడం లేదు కదూ?" అని తమ్ముడు అడిగాడు. నిజంగానే నమ్మలేదు. పసుపుపచ్చని మన్నును చూసి బూడిద అనుకోవడానికి నా కన్ను ఒప్పుకోలేదు. ఆ అపనమ్మకానికి మరుసటి రోజు మూల్యం చెల్లించాను.

మూడో రోజు: బోవిల్ దగ్గర త్రీబేర్

8వ నంబరు రహదారి ట్రాయ్, డియరీ ఊళ్ల మీదుగా బోవిల్‌కు తీసుకుపోతుంది. అక్కడ ఒక విశ్రాంత మృత్తికా సర్వేయరు మాకోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఈ అడవుల నేలలను పటాల్లోకి ఎక్కించడంలో ఉద్యోగజీవితమంతా గడిపిన మనిషి. భూయజమాని అనుమతితో ఒక పాత కలప బాట పక్కనున్న గట్టును మాకోసం చూసిపెట్టారు. ఎండకు ఆరిన పైమట్టిని పారతో ఒక మూర లోతు చెక్కేసి, కత్తి మొనతో మెల్లగా రేపుతూ కిందికి రమ్మన్నారు. నున్నగా చెక్కిన గోడలో నేల కనిపించదనీ, పెళ్లగించి చూస్తేనే దాని కట్టు తెలుస్తుందనీ ఆయన చెప్పిన మాట ప్రయోగశాల మనిషినైన నాకు కొత్త.

పైన సూదుల్లాంటి ఆకులు, రెండు మూడు వేళ్ల మందాన సగం కుళ్లినవి. దాని కింద సుమారు అర మీటరు దాకా, నిన్న చూసిన పసుపు గోధుమరంగు మన్నే. దానికీ కింద ఉన్నట్టుండి రంగు తేలిపోయి, సున్నం కొట్టినట్టు పాలిపోయిన పొర వచ్చింది. నాకు సంతోషం పట్టలేదు. నోటుపుస్తకంలో వెంటనే 'తెల్లపొర: బూడిద' అని రాసుకుని, టేపు పెట్టి మందం కొలిచి, నమూనా కూడా తీసుకున్నాను. ఆయన ఏమీ అనలేదు. సంచిలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా, వడపోత కాగితాలు తీసి నా చేతికిచ్చి, చేతి తొడుగులు వేసుకోమని మాత్రం చెప్పారు.

సీసాలో ఉన్నది సోడియం ఫ్లోరైడ్ ద్రావణం. కాగితానికి ఫినాల్ఫ్తలీన్ పట్టించి ఆరబెట్టారు. శెనగ గింజంత మన్నును కాగితం మీద పెట్టి, రెండు చుక్కలు వేసి ఆగాలి. బూడిద చివికి పుట్టే అల్లోఫేన్ వంటి స్ఫటికరూపం లేని పదార్థాలు అందులో ఉంటే, ఫ్లోరైడ్ వాటిలోని అల్యూమినియాన్ని పట్టుకుని, బదులుగా హైడ్రాక్సిల్‌ను విడిపిస్తుంది. క్షారగుణం పెరిగి కాగితం ఎర్రబడుతుంది. కొలిస్తే పీహెచ్ 9.4 దాటుతుంది. నేను 'బూడిద' అని రాసుకున్న తెల్లమన్నును ముందు పెట్టాను. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. కాగితం తడిసింది తప్ప రంగు మారలేదు. పైనున్న పసుపు మన్నును పెట్టగానే, అంచు నుంచి కుంకుమ నీళ్లు పాకినట్టు ఎరుపు వ్యాపించింది.

అంటే పాలిపోయినది బూడిద కాదు, లోయస్. పసుపుపచ్చగా ఉన్నదే బూడిద. నోటుపుస్తకంలో ఆ గీత కొట్టిన మాట ఇప్పటికీ అలాగే ఉంది.

కారణం ఆ గోడలోనే ఉంది. సుమారు 7,700 ఏళ్ల కిందట, ఇక్కడికి 600 కిలోమీటర్లకు పైగా నైరుతిన, ఆరెగాన్‌లో మజామా అనే అగ్నిపర్వతం బద్దలై, శిఖరం తనలోకి తానే కూలిపోయింది; ఆ గుంతలో నిలిచిన నీరే ఇప్పుడు క్రేటర్ లేక్ అని పిలిచే, 594 మీటర్ల లోతున్న సరస్సు. ఆ పేలుడు బూడిద ఇంత దూరం వచ్చి పడినప్పుడు లేత రంగులోనే ఉండి ఉంటుంది. అయితే అది బొగ్గు కాలిన బూడిద కాదు. ఉడుకుతున్న శిలాద్రవం చల్లారి పగిలిన గాజు. గాజు త్వరగా చివుకుతుంది, దానిలోని ఇనుము తుప్పుగా మారి కణాలకు పసుపు, గోధుమ పూత పూస్తుంది. ఇక దాని కింద ఉన్న లోయస్‌లోంచి వడిసిన నీరు ఏళ్ల తరబడి ఇనుమునూ బంకమన్నునూ కడిగి తీసుకుపోవడంతో అది వెలిసిపోయింది. రంగును బట్టి పేరు పెట్టబోతే నేల తలకిందులుగా అర్థమవుతుంది. అమెరికా నేలల వర్గీకరణలో బూడిద నేలలకు 1990 ప్రాంతంలో 'అండిసాల్' అనే ప్రత్యేక వర్గం ఏర్పడింది. ఆ పేరుకు మూలం 'నల్లటి మన్ను' అనే అర్థమిచ్చే జపాన్ మాట. త్రీబేర్ ఆ వర్గానికే చెందినా దానిలో నలుపు నామమాత్రం. అందులోని ఉపవర్గానికి మాత్రం గాజును సూచించే పేరు పెట్టి వర్గీకరించినవారు కొంత న్యాయం చేశారు.

భోజనం అయ్యాక ఒక గంటసేపు ఆ పసుపు మన్నును చేతిలో ఉంచుకుని కూర్చున్నాను. పొడిగా ఉన్నప్పుడు అది సున్నిపిండిలా తేలిక. లీటరు పాత్ర నిండా తీసుకుని ఆరబెట్టి తూచినా కిలో రాదు. సాధారణ మన్ను కిలోంపావు, కిలోన్నర దాకా తూగుతుంది. తడిపి పిసికితే బంకమన్నులా అంటుకోదు, ఇసుకలా రాలదు. వెన్న పూసినట్టు జారుతుంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే ముద్దలోంచి హఠాత్తుగా నీరు వదిలి జావ అవుతుంది, వదిలేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. ముప్పై రెట్లు పెద్దది చేసే భూతద్దంలో చూస్తే, పగిలిన బుడగల గోడల్లాంటి వంపు తిరిగిన గాజు తునకలు మెరిశాయి. ఆ తునకల లోపలి బుడగల్లోనూ, వాటి మధ్య సందుల్లోనూ, కంటికి ఏ భూతద్దంతోనూ కనిపించని అల్లోఫేన్ బోలు గోళాల్లోనూ నీరు దాగుతుంది. ఒక్కో గోళం అడ్డం మిల్లీమీటరులో పది లక్షల వంతులు నాలుగైదు మాత్రమే.

ఈ ప్రాంతంలో జూలై, ఆగస్టు నెలల్లో వానలు చాలా తక్కువ. ఏడాది నీరంతా మంచుగా, వసంతకాలపు వానగా ముందే వచ్చేస్తుంది. అందువల్ల ఇక్కడి చెట్టుకు ఎంత వాన పడిందన్నదాని కన్నా, పడినదాన్ని ఎంతకాలం దాచుకోగలమన్నదే బతుకు లెక్క. ఆగస్టు చివరన కూడా మేము తవ్విన బూడిద పొర అడుగుభాగం చేతికి చల్లగా, చెమ్మగా తగిలింది.

గోడ అడుగున, లేత లోయస్ కింద, గునపం ఖంగుమంది. అది రాయి కాదు. 'ఫ్రాజిపాన్' అనే గట్టిపొర. అదీ లోయసే, కాని ఇటుకలా బిగిసి, పెచ్చు తీసి చేతితో విరిస్తే పెళుసుగా పుటుక్కుమంటుంది. నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. దాన్ని నిలువునా చీలుస్తూ తెల్లటి చారలు దిగుతున్నాయి. వేళ్లన్నీ ఆ చారల వెంటే పోతున్నాయి, మధ్యనున్న గట్టి దిమ్మల్లోకి ఒక్కటీ దూరలేదు. మంచు కరిగే నెలల్లో ఈ పొర మీద నీరు దిగలేక నిలిచిపోతుంది. మేము చూసిన రోజున చుక్క నీరు లేకపోయినా, దాని సాక్ష్యం లేత మన్నులో మిరియాల్లాంటి నల్లటి ఇనుము, మాంగనీసు గుళికలుగా, తుప్పు మరకలుగా మిగిలి ఉంది.

నాలుగో రోజు: ఎల్క్ రివర్

ఎల్క్ రివర్ ఊరికి ఉత్తరాన ఒక మహా సెడార్ వృక్షం ఉంది. దాని అడ్డం 5 మీటర్లకు పైనే; వయసు 3,000 ఏళ్లు దాటి ఉంటుందని అంచనా. చూడడానికి వచ్చినవారంతా తల పైకెత్తి చూస్తుంటే మేమిద్దరం కిందికి చూస్తూ నిలబడడం కొందరికి వింతగా తోచింది. ఈ చెట్టు మొలకెత్తేనాటికే బూడిద పడి నాలుగు వేల ఏళ్లకు పైగా గడిచింది. అంతటి వృద్ధురాలు కూడా ఈ నేలకు తరువాత వచ్చిన అతిథే.

అయితే ఆ రోజు నాకు ఎక్కువ నేర్పింది నిలబడ్డ చెట్టు కాదు, పడిపోయిన చెట్టు. బాటకు దూరంగా ఒక గ్రాండ్ ఫర్ గాలికి వేళ్లతో సహా ఒరిగిపోయింది. దాని వేరుగుత్తి మనిషి ఎత్తుకు మించిన పళ్లెంలా నిటారుగా లేచి ఉంది, కాని ఆ పళ్లేనికి లోతు లేదు. తల్లివేరు అనదగినదేదీ లేకుండా వేళ్లన్నీ పక్కలకు పాకి, బూడిద పొరనంతా బిగించి పట్టుకుని, దానితోపాటే లేచాయి. గట్టిపొర మీద నీరు నిలిచే చోట వేరు లోతుకు పోదు; పోకపోతే గాలికి ఓర్వలేదు. పెకలించిన గుంతలో లోయస్, బూడిద తారుమారై కలిసిపోయాయి. పొరల హద్దు ఒకచోట గీత గీసినట్టు, మరోచోట చెదిరి ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది: అడవి తన నేలను తానే, చెట్టుకొకసారి, దున్నుకుంటుంది.

మధ్యాహ్నం ఒక పాత కలప ఈడ్పు బాట మీద నడిచాము. దుంగలు లాగడం ఎప్పుడో మానేశారు, బాట నిండా గడ్డి మొలిచింది. అయినా ఇనుప పుల్ల గుచ్చి చూస్తే, బాట పక్కన మోచేతి దాకా సులువుగా దిగింది, చక్రాల జాడలో నాలుగు వేళ్లు కూడా దిగలేదు. తేలికైన మన్నుకు ఉన్న శాపం ఇదే. బోలుగా ఉన్నదాన్ని నొక్కితే అణిగిపోతుంది, మళ్లీ లేవడానికి దశాబ్దాలు పడుతుంది. మంచు పరుచుకున్నాకో, కొమ్మరెమ్మల పరుపు మీదనో యంత్రాలు నడపాలనీ, వెళ్లిన దారినే తిరిగి రావాలనీ ఇక్కడి అటవీ అధికారులు పట్టుబట్టడం నాకు సబబుగానే తోచింది. కోల్పోయిన మన్నుకు బదులు మళ్లీ పోయడానికి ఇంకో మజామా సిద్ధంగా లేదు కదా.

తమ్ముడు మరో సంగతి చెప్పాడు. ఇక్కడికి ఆగ్నేయాన క్లియర్‌వాటర్ ప్రాంతపు ఎత్తయిన అడవుల్లో, ఇదే బూడిద మీద, గ్రాండ్ ఫర్ చెట్లను నరికేసిన కొన్నిచోట్ల అడవి తిరిగి రాలేదట. ఆ ఖాళీలను బ్రాకెన్ ఫెర్న్ కమ్ముకుంటుంది. దాని కుళ్లుతో నేల నల్లబడి, ఆమ్లగుణం పెరిగి, అల్యూమినియం విడుదలై మొక్కల వేళ్లను దెబ్బతీస్తుంది. మిగిలిన నారును గోఫర్ ఎలుకలు కొరుకుతాయి. చెట్ల కింద పసుపుగా ఉన్న బూడిద ఫెర్న్ కింద నల్లబడడమన్నది విన్నాక, అండిసాల్ పేరుకు మూలమైన ఆ నల్లమన్ను గుర్తొచ్చింది.

ఐదో రోజు: క్లార్కియా, హోబో సెడార్ వనం

ఉదయమంతా పొగ. ఎక్కడో దూరపు అడవి మంట. కళ్లు మండాయి తప్ప ఏమీ చేయలేకపోయాము. క్లార్కియాలో సుమారు 1.5 కోట్ల ఏళ్ల నాటి సరస్సు అడుగున పేరుకున్న బురదలో ఆకుల శిలాజాలు దొరుకుతాయి. రాతి పలకను విడదీసిన క్షణంలో ఆకు ఇంకా తన రంగుతో ఉండి, గాలి తగలగానే కళ్ల ముందే నల్లబడుతుంది. చూడదగినదే, కాని మా దారి వేరు.

హోబో సెడార్ వనం 240 ఎకరాలు. లోపల ఎండ అసలు నేలను తాకదు. ఓక్ ఫెర్న్, అడవి అల్లం, తెల్లటి పూలు రాల్చి నీలి కాయలు పట్టిన క్లింటోనియా మొక్కలు. ఇక్కడ తవ్వకూడదు, తవ్వలేదు. వనం దాటాక, బాట పక్కన గట్టు ఒకటి దానంతటదే విరిగిపడిన చోట, రాలిన ఆకుల చాప మధ్య సన్నటి బూడిదరంగు గీత కనిపించింది, గోరంత మందాన. వేలితో రాస్తే పలుగురాయి పొడిలా గరగరలాడింది. ఫ్లోరైడ్ చుక్క వేస్తే కాగితం తెల్లగానే ఉండిపోయింది.

1980 మే 18న సెయింట్ హెలెన్స్ పర్వతం బద్దలైనప్పుడు పడిన బూడిద అది. నేను మొదటి రోజు నుంచి వెతుకుతున్న రంగు ఇదే. నలభై ఏళ్లు దాటినా అది ఇంకా నేల కాలేదు. గాజు చివకలేదు, తుప్పు పూత ఎక్కలేదు, అల్లోఫేన్ పుట్టలేదు. దానికి కాస్త దిగువన మొదలయ్యే కథంతా ఆ గీతకు ఇంకా ముందుంది. ఒకే గట్టులో, ఒక బెత్తెడు ఎడంలో, పచ్చి బూడిదనూ పండిన బూడిదనూ రెండు వేళ్లతో ఒకేసారి ముట్టుకున్నాను.

ఆరో రోజు: హార్వర్డ్ కొండ దిగి

6వ నంబరు రహదారి మీద పడమటకు తిరిగాము. వైట్ పైన్ చెట్టు ఐడాహో రాష్ట్ర వృక్షం. పందొమ్మిదివందల పదుల తరువాత విస్తరించిన బొబ్బతెగులు వల్ల, కోతల వల్ల, ఈ దారిలో దాని పెద్ద మొద్దులు మాత్రమే ఎక్కువగా కనిపిస్తాయి. దిగువకు పోయేకొద్దీ ఆగి ఆగి, అనుమతి ఉన్న గట్టుల దగ్గర బూడిద మందం కొలుస్తూ పోవాలని తమ్ముడి పట్టుదల. కొండ పైభాగంలో టేపు మోకాలి దాకా వచ్చింది. సగం దిగాక జానెడు. చెట్లు పలచబడి పాండెరోసా పైన్‌లు మొదలైన చోట నాలుగు వేళ్లు, అదీ కింది మన్నుతో కలిసిపోయి, హద్దు తెలియకుండా.

"ఇక్కడ ఎంత రాయను అక్కయ్యా?" అని అడిగాడు. ఫ్లోరైడ్ కాగితం లేతగా, అక్కడక్కడ మాత్రమే ఎర్రబడింది. బొరియల జంతువులు తవ్వి, గడ్డివేళ్లు అల్లి, గాలి ఎగరేసి ఈ బూడిదను లోయస్‌లో కలిపేశాయి. ఉందని రాయమన్నాను, మందం రాయవద్దన్నాను. మరో మలుపు తిరిగాక కోసేసిన గోధుమ పొలం గట్టుదాకా వచ్చింది. తమ్ముడు టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.